షరతుల గొంతు

నవంబరు 3, ఆదివారం

టీచరమ్మ ఈ డైరీ తెచ్చి నా ముందు పెట్టింది. "మెల్లగా మాట్లాడటం ఎలాగూ మీ వల్ల కాదు. కనీసం మెల్లగా రాయండి," అంది. పెళ్ళాం అని రాయడానికి డైరీలో కూడా ధైర్యం చాలదు కాబట్టి టీచరమ్మ అనే రాస్తాను. రెండో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి ఆవిడ ప్రతి మాటకీ కామా పెట్టి మాట్లాడుతుంది. నేను ఫుల్‌స్టాపు కూడా పెట్టను. పెళ్ళయినప్పటి నుంచీ మా గొడవలన్నీ ఈ విరామ చిహ్నాల దగ్గరే.

ఎవరూ చదవరు కాబట్టి నా గొప్ప నేనే రాసుకుంటాను. రేడియో ప్రకటనల చివర షరతులు చదివేవాళ్ళలో నన్ను మించినవాడు ఈ ఊళ్ళో లేడు. అప్పులిచ్చేవాళ్ళు, మందులమ్మేవాళ్ళు, టైర్లు, మిక్సీలు, అందరికీ నేనే కావాలి. ముందు తేనెగొంతు వస్తుంది. ఆ అమ్మాయి సబ్బు గురించి చెప్పినా జోలపాట పాడినట్టే చెబుతుంది. ఆమె తీరిగ్గా చెప్పి పక్కకి తప్పుకున్నాక, చట్టం చెప్పమన్నవన్నీ నా వాటాకి వస్తాయి. మిగిలిన నాలుగైదు సెకన్లలో అర పేజీ చదవాలి. స్టూడియోలో నన్ను ఎక్స్‌ప్రెస్ అంటారు.

కాగితం చేతికి రాగానే ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకుంటాను, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గుర్తుకి. గీత పెట్టేది ఊపిరిని బట్టే గానీ అర్థాన్ని బట్టి కాదు. కొత్తవాళ్ళు అర్థం చూసుకుంటూ చదువుతారు, అందుకే తడబడతారు. తర్వాత మా సౌండు ఇంజనీరు కత్తెర (వాడి పనే వాడి పేరు) ఆ కాస్త ఊపిర్లు కూడా కత్తిరించి మాటకి మాట అతికిస్తాడు. వినేవాళ్ళకి నేను ఊపిరే తీయని మనిషిని.

నవంబరు 5, మంగళవారం

ఇంటి అప్పు ప్రకటన. ఒక్క టేకులో అయిపోయింది. కత్తెర గాజు అవతలి నుంచి దండం పెట్టాడు.

బయటికి వచ్చాక తేనెగొంతు అడిగింది. "అన్నా, వీళ్ళ వడ్డీ తర్వాత మారుతుందా? నేనూ తీసుకుందామనుకుంటున్నా."

ఏమో, చూడలేదన్నాను.

"ఇప్పుడే కదన్నా చదివావు!"

చదవడం వేరు, చూడటం వేరు అని చెప్పాను. ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. అంత నవ్వాల్సిన మాట నేనేమన్నానో ఇప్పటికీ తెలియలేదు.

నవంబరు 8, శుక్రవారం

ప్యాంటు నడుము వదులు చేయించుకుందామని పిన్ని కొట్టుకి వెళ్ళాను. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే, ఆ కుట్టుమిషను తొక్కే. ఆ మిషను తొక్కే కాలికే ఇవాళ మడమ దాకా కట్టు ఉంది.

"ఏమైంది పిన్నీ?"

"వేడినీళ్ళు ఒలికాయిరా. అంత కంగారు పడకు, ఆ ప్యాంటు ఇటివ్వు."

"షుగరున్న కాలు, కంగారు పడొద్దంటే ఎలా?"

"నడుము వదులు చేయమనేవాడికి కూడా త్వరలో వస్తుందిలే షుగరు," అంది.

పిన్నికి పాదాల్లో స్పర్శ తగ్గి చాలా కాలమైంది. తొక్కుడు పలక తన కాలికి తెలియదని, చెవికి తెలుస్తుందని అంటుంది. మిషను చప్పుడు బట్టే కుడుతుంది. అందుకని పని చేసేటప్పుడు అలమర మీది రేడియో గొంతు తగ్గించి పెట్టుకుంటుంది. నా ప్రకటన వస్తే మాత్రం మిషను ఆపి, రేడియో పెంచుతుంది. ఇవాళ టైర్ల ప్రకటన వస్తే, "ఉండు, మావాడు వస్తాడు," అని నాకే వేలు చూపించి విన్నది, ఎదురుగా ఆ మావాణ్ణి నిలబెట్టుకుని.

ఆ వెంటనే తేనెగొంతు ఇంకేదో మొదలుపెట్టింది. పిన్ని టక్కున రేడియో కట్టేసింది.

"అదీ నాదే అనుకుంటా," అన్నాను.

"తలనొప్పిగా ఉంది."

నవంబరు 9, శనివారం

పిన్ని పొయ్యి గట్టు నడుమెత్తు ఉంటుంది. అక్కడి నుంచి నీళ్ళు ఒలికితే ముందు చెయ్యి కాలాలి, తర్వాత ఒళ్ళు కాలాలి. పాదం ఒక్కటే ఎలా కాలుతుంది? పొద్దుట్నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. టీచరమ్మ కూడా ఇదే అడిగింది.

నవంబరు 12, మంగళవారం

ఇద్దరం కలిసి పిన్నిని బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, "ఇది నీళ్ళతో కాలింది కాదండీ. నీళ్ళయితే జారిపోతాయి. ఏదో వేడి వస్తువు గంటల తరబడి ఆనుకుని ఉంది," అంది.

పిన్ని గోడ మీది క్యాలెండరు వంక చూసింది. ఇంక దాచలేనని తెలిసినట్టుంది.

"కాళ్ళ సంచి," అంది. "కరెంటుది. కాళ్ళు రెండూ అందులో దూర్చి పడుకోవడమే. చలికి బాగుంటుందని కొన్నా. తెల్లారి లేచి చూస్తే ఇలా."

"కాలుతున్నట్టు తెలియలేదా?" అని టీచరమ్మ అడిగింది.

"తెలిస్తే తీసేయనా?"

చిటికెన వేలు నల్లబడింది. ఉంటుందో లేదో వారంలో తేలుతుందట. దారిలో, అది ఏ కంపెనీది పిన్నీ అని అడిగాను. "ఏదో కంపెనీ. పేర్లెవరికి గుర్తుంటాయిరా?" అంది. ఎప్పుడో కుట్టిన చొక్కా గుండీల రంగు కూడా చెప్పగల మనిషి.

నవంబరు 14, గురువారం

దొరికింది. గుడ్డలు కత్తిరించే బల్ల కింద, ముక్కల మూట వెనకాల దాచింది. డబ్బా మీద దుప్పట్లోంచి బయటికి కనిపించే రెండు పాదాల బొమ్మ. దాని కింద "పాదాలు వెచ్చగా, నిద్ర హాయిగా!" అని ఉంది.

ఆ వాక్యం నాకు తెలుసు. అది తేనెగొంతుది. దాని తర్వాత నేను వస్తాను.

"ఆ మూట నిన్నెవరు కదపమన్నారు?" అంది పిన్ని మిషను మీంచి.

"నా ప్రకటన విని కొన్నావా?"

"నీ ప్రకటన ఏమిటిరా? ఆ అమ్మాయి బాగా చెప్పింది, కొన్నా." దారం కొరికి, మెల్లగా మళ్ళీ అంది. "నువ్వు కూడా ఉన్నావు కదా అని ధైర్యం."

"అందులో నేనేం చెప్పానో విన్నావా?"

"వినకపోవడమేమిటి? రోజూ వింటా. నీ గొంతు నాకు తెలీదా?"

"గొంతు కాదు పిన్నీ, మాటలు."

"నీ గొంతుంటే చాలదట్రా? మాటలు కూడా ఎందుకు?"

నాకు ఏడుపొచ్చింది. కొట్టులో ఎవరో కొలతలకి వచ్చారు కాబట్టి ఏడవలేదు.

నవంబరు 15, శుక్రవారం

నేను ప్రతి అక్షరం పలికాను.

నవంబరు 16, శనివారం

ప్రతి అక్షరం పలికాను. కాగితంలో ఉన్నది ఒక్కటి కూడా మింగలేదు. కావాలంటే రికార్డింగు ఉంది.

నవంబరు 18, సోమవారం

కావాలని నేనే అడిగి ఆ రికార్డింగు పెట్టించుకున్నాను. నా గొంతు నేను వినడం కొత్తేమీ కాదు, కాకపోతే ఎప్పుడూ వేగం కోసం వింటాను. ఇవాళ మాటల కోసం విన్నాను. మొదటిసారి "గమనిక" దొరికింది. రెండోసారి చివర ఒక "రాదు" దొరికింది. తర్వాత ఎంత విన్నా ఈ రెండిటి మధ్య ఏముందో తెలియలేదు.

"నీ గొంతు నీకే అర్థం కాలేదా?" అన్నాడు కత్తెర.

"నువ్వు ఊపిర్లు కోసేస్తే ఎవరికి అర్థమవుతుంది?"

"నువ్వలా చదివితే కోయక ఏం చేయను?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాసేపు ఒకరినొకరు అనుకున్నాం. చివరికి వాడే దాన్ని సాగదీసి నెమ్మదిగా వినిపించాడు. నా గొంతు తాగినవాడి గొంతులా ఉంది గానీ మాటలు విడివిడిగా వచ్చాయి. "గమనిక. నిద్రలో వాడరాదు. మధుమేహం ఉన్నవారు, పాదాలలో స్పర్శ తగ్గినవారు వాడరాదు. ఏకధాటిగా అరగంటకు మించి వాడరాదు."

అంటే పిన్ని గురించే. అచ్చంగా పిన్ని గురించే చెప్పాను, పేరు ఒక్కటే తక్కువ.

నవంబరు 19, మంగళవారం

ఒక పురుగు తొలుస్తోంది. నా విషయంలో నా గర్వమే అడ్డం వచ్చింది అనుకుందాం. మిగతావాళ్ళకి ఏం వినిపిస్తుంది? ప్రకటన ఫోనులోకి ఎక్కించుకుని ఊరి మీద పడ్డాను. నాది అని చెప్పకుండా, చివరి ముక్క మాత్రం వినిపించి ఏమర్థమైందని అడగడం.

మంగలి గడ్డానికి నురగ పెడుతూ విని, "గుర్రప్పందేలా సార్?" అన్నాడు. మా అపార్టుమెంటు వాచ్‌మన్, "ఫోను కలవట్లేదని చెప్పే ఆవిడ ఉంటుంది కదండీ, ఆవిడ మొగుడా?" అన్నాడు. బస్‌స్టాపులో ఒక పెద్దాయన పూర్తిగా వినకుండానే చెయ్యి అడ్డం పెట్టి, "నాకేం వద్దు బాబూ," అన్నాడు.

వీటన్నిటికీ నవ్వుకున్నాను. తర్వాత ఒకటి తట్టింది. ఎవరైనా ఏదైనా అంటే, అర్థం కాకపోతే మనం మళ్ళీ చెప్పమంటాం. వీళ్ళలో ఒక్కరు కూడా మళ్ళీ వినిపించమనలేదు. ఆ గొంతు రాగానే, ఇది మనకోసం కాదులే అని ముందే వదిలేస్తున్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నా విషయంలో వినేవాడికి ఆ సంగతి కూడా తెలిసిపోయింది.

ఇంటికొచ్చి టీచరమ్మకి డిక్టేషను పెట్టాను. పెన్ను పట్టుకుని అయిదుసార్లు విన్నది. "గమనిక, వారు, వారు, రాదు" అని రాసి చేతులెత్తేసింది. అప్పుడు నెమ్మది రికార్డింగు వినిపించాను.

"ముందు నిద్ర హాయిగా అని చెప్పి, చివర నిద్రలో వాడరాదు అనడమేమిటండీ? మా రెండో తరగతివాడు ఇలా రాస్తే అమ్మానాన్నల్ని పిలిపిస్తాను."

నేను అది గమనించనే లేదు. ఎవరి ముక్క వాళ్ళం చదివి వచ్చేస్తాం, నేనూ తేనెగొంతూ.

"మీరు ప్రతి అక్షరం పలికారు, కాదనట్లేదు," అంది లైటు తీస్తూ.

ఈ మాట నేను డైరీలో తప్ప ఎక్కడా అనలేదు. టీచరమ్మా, చదివితే చదువు గానీ పేజీ మూల మడవకు.

నవంబరు 22, శుక్రవారం

టీచరమ్మ కంపెనీకి ఫోను చేసి, స్పీకరు పెట్టి పిన్ని చేతికిచ్చింది. అవతలి అబ్బాయి మహా మర్యాదస్థుడు.

"ప్రకటనలో స్పష్టంగా హెచ్చరించామండీ. మేడమ్‌గారు మా ప్రకటన విన్నారా?"

"విన్నాను నాయనా, రోజూ వింటాను," అంది పిన్ని. టీచరమ్మ నుదురు కొట్టుకుంది.

"విని కూడా నిద్రలో వాడటం మీ పొరపాటే కదండీ."

"పొరపాటే నాయనా. ఉంటా." ఫోను పెట్టేసి, "అమ్మాయ్, ఇంక వదిలెయ్యవే. కేసులూ గీసులూ అంటే వీడి నోటి దగ్గర కూడు పోతుంది," అంది.

ఇద్దరూ నా వంక చూశారు. ఎక్స్‌ప్రెస్‌కి సిగ్నలు దొరకలేదు. ఒక్క మాటైనా అని ఉండాల్సింది.

నవంబరు 26, మంగళవారం

చిటికెన వేలు తీసేశారు.

పిన్నికి మెలకువ రాగానే, "చెప్పులకొట్టువాడు ఏమైనా తగ్గిస్తాడేమో కనుక్కో," అంది. నవ్వమని అన్నదే. నేను నవ్వలేకపోయాను.

సాయంత్రం ఉన్నట్టుండి మంచం మీద లేచి కూర్చుంది. "ఒరేయ్, పాలబూత్ ఆవిడ! ఆవిడకీ షుగరేరా. మావాడే చెబుతున్నాడు, మంచిదే, కొనుక్కోమని నేనే కొనిపించా. పరిగెత్తు!"

పరిగెత్తాను. పాలబూత్ ఆవిడ ఖాళీ ట్రేలు పేరుస్తోంది. నిన్న కూడా ఆ సంచిలోనే కాళ్ళు పెట్టుకుని పడుకుందట. నేను ఆయాసంతో చెప్పాల్సిందంతా గబగబా చెప్పేశాను.

"మెల్లగా బాబూ, మళ్ళీ చెప్పు," అంది.

చెప్పాను. ఆవిడకి మళ్ళీ అందలేదు. మూడోసారి ఆవిడ ట్రే కింద పెట్టి, నా మొహంలోకి చూస్తూ విన్నది. "అయ్యో, మీరే కదా బాబూ మంచిదన్నారు?" అంది. కాళ్ళు చూపించమన్నాను. ఎర్రగా కందాయి, అంతే. ఇంకా కాలలేదు. నన్ను మళ్ళీ చెప్పమన్న మొదటి మనిషి ఆవిడ.

వెనక్కి వెళ్ళి చెబితే పిన్ని దుప్పటి అంచు నలుపుతూ అడిగింది.

"ఇంకా ఎన్ని ఇళ్ళలో ఉందిరా అది?"

"తెలీదు పిన్నీ. ఇంకా అమ్ముతున్నారు."

"అయితే మీ ఆవిణ్ణి పిలు. ఆ ఫిర్యాదేదో రాయమను. నీ పని పోతే నా పక్కన కూర్చుని గుండీలు కుట్టు."

డిసెంబరు 6, శుక్రవారం

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసి వారం అయిందో లేదో, కంపెనీ ప్రతినిధి స్టూడియోకి వచ్చాడు. నాకోసమే. టీ తెప్పించి, "ఎవరో దర్జీ ఆవిడ కేసు వేసిందండీ. ప్రకటనలో హెచ్చరికే లేదంటుంది. మీరొచ్చి ప్రతి అక్షరం పలికానని ఒక్క ముక్క చెబితే చాలు. నిజమే కదా?" అన్నాడు.

నిజమే. నేను రెండు రోజులు ఇక్కడ రాసుకున్నదే.

"వచ్చే ఏడాది మా ఫ్యాన్లు, మిక్సీలు అన్నీ మీ గొంతుతోనే," అని కూడా అన్నాడు. ఆ దర్జీ ఆవిడ నాకేమవుతుందో నేను చెప్పలేదు. సాక్షిగా వస్తానని మాత్రం తల ఊపాను. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి.

డిసెంబరు 8, ఆదివారం

పిన్నికి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"పలికావా లేదా?"

"పలికాను."

"అయితే వెళ్ళి పలికానని చెప్పు. నా కాలి కోసం నువ్వు అబద్ధం ఆడొద్దు."

"నువ్వేమో విన్నానంటావు, నేనేమో పలికానంటాను. ఇంక వాళ్ళకి లాయరు కూడా దండగ."

"నిజం చెప్పే ఓడిపోదాం, ఏం పోయింది?" అంది పిన్ని.

టీచరమ్మ మా ఇద్దర్నీ చూసి, మీ వంశంలోనే ఏదో ఉందని లేచి వెళ్ళిపోయింది.

డిసెంబరు 19, గురువారం

కమిషన్ గది అంటే బోనులూ సుత్తులూ ఉంటాయనుకున్నాను. స్కూలు గదిలా ఉంది. పొడుగు బల్ల వెనకాల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న అధ్యక్షురాలికి జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది.

కంపెనీ లాయరు ముందు పిన్నిని అడిగాడు, ప్రకటన విన్నారా అని.

"విన్నానండీ."

"ఎన్నిసార్లు?"

"లెక్కలేదండీ. ఆ గొంతు వస్తే మిషను ఆపి మరీ వింటాను."

లాయరు నవ్వుతూ కూర్చోమన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. హెచ్చరిక మొత్తం చదివారా? చదివాను. ఏమైనా వదిలేశారా? లేదండీ, ప్రతి అక్షరం పలికాను. ఆయన పని అయిపోయింది. నేను వెళ్ళిపోతుంటే అధ్యక్షురాలు చెయ్యెత్తింది.

"ఉండండి. ఆ హెచ్చరికలో ఏముంది?"

"నిద్రలో వాడకూడదు, షుగరున్నవాళ్ళు వాడకూడదు, అరగంట దాటకూడదు అని ఉందండీ."

"చదివిన రోజే ఇది మీకు తెలుసా?"

"తెలియదండీ. పిన్ని కాలు కాలాక తెలిసింది."

"పిన్నా?" అన్నాడు లాయరు లేచి. నేను పిన్నిని చూపించాను. ఆయన ప్రతినిధి వైపు ఒక చూపు చూసి, "సాక్షి ఫిర్యాదుదారుకి బంధువండీ! ఈ సాక్ష్యం చెల్లదు," అన్నాడు.

"మీరు తెచ్చుకున్న సాక్షేనండీ," అంది అధ్యక్షురాలు. మళ్ళీ నా వైపు తిరిగింది. "చదువుతూ ఉంటే అర్థం కాలేదా?"

"అర్థం చూసుకుంటే వేగం తగ్గుతుందండీ."

"మీ పిన్నిగారికి మధుమేహం ఉందని అప్పటికే తెలుసు కదా? ఆ మాట పలికినప్పుడు ఆవిడ గుర్తుకి రాలేదా?"

"పలికేటప్పుడు ఎవరూ గుర్తుకి రారండీ. ఎవరైనా గుర్తొస్తే నోరు ఆగిపోతుంది."

ఇది ఇలా చెబుతానని నాకే తెలియదు. ఆవిడ ఏదో రాసుకుంది. తర్వాత ప్రకటన పెట్టించింది. తేనెగొంతు హాయిగా నిద్రపుచ్చింది, నేను వచ్చి వెళ్ళాను. అధ్యక్షురాలు పిన్నిని అడిగింది.

"చివర్లో మీకేం వినిపించిందమ్మా?"

పిన్ని నా వైపు చూసింది. నిజం చెప్పాలని తనే అన్నది కదా.

"మావాడండీ," అంది.

అధ్యక్షురాలు అదీ రాసుకుంది.

డిసెంబరు 30, సోమవారం

స్టూడియో నుంచి ఫోను లేదు. కత్తెర మాత్రం చాటుగా చేశాడు. కొత్త కుర్రాడెవరో వచ్చాడట, నాకంటే వేగమట. ఆ మాటకి బాధ కలిగింది. ఎందుకు కలగాలో తెలియదు గానీ కలిగింది.

జనవరి 11, శనివారం

గుండీలు కుడుతున్నాను. సూదిలోకి దారం ఎక్కించడంలో వేగం పనికిరాదు. పిన్ని తొమ్మిది వేళ్ళతో మిషను తొక్కుతోంది, చప్పుడు మాత్రం మునుపటిదే. "చెప్పానుగా, నాలుగు కంతల్లోనూ దారం పోవాలని? రెండింట్లో కుట్టి ఊరుకుంటావేం?" అని నా గుండీలన్నీ ఊడదీయించింది.

జనవరి 24, శుక్రవారం

తీర్పు వచ్చింది. టీచరమ్మ కొట్టులో నిలబడి కామాలతో సహా చదివి వినిపించింది. వేడి ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు పెట్టేదాకా ఆ సంచులు అమ్మకూడదు. అమ్మినవి వెనక్కి తీసుకోవాలి. వైద్యం ఖర్చు ఇవ్వాలి. పాత ప్రకటన ఎన్ని రోజులు వేశారో అన్ని రోజులూ కొత్త హెచ్చరిక వేయాలి, మామూలు మనిషికి తెలిసే మాటల్లో, తెలిసేంత నెమ్మదిగా. అది కూడా పాత ప్రకటన చదివిన గొంతుతోనే చెప్పించాలి.

"అంటే నువ్వేరా," అంది పిన్ని.

"పిన్నీ, గెలిచాం."

"అది సరే, పాలబూత్ ఆవిడ లాంటివాళ్ళు వింటారు కదా?"

ఫిబ్రవరి 4, మంగళవారం

కంపెనీవాళ్ళు వేరే దారి లేక నన్నే పిలిచారు. ముప్ఫై సెకన్లు, నా ఒక్కడివే. అంత ఆస్తి నాకు ఎప్పుడూ దొరకలేదు. కాగితం చేతికి రాగానే అలవాటుగా ఎర్ర గీతలు పెట్టాను. మొదలుపెట్టాను. అయిదో సెకనుకల్లా ముగించేశాను.

"మళ్ళీ పరిగెత్తావు," అన్నాడు కత్తెర హెడ్‌ఫోన్లలో.

రెండోసారి ఆగి ఆగి చదివితే శవం దగ్గర చదివినట్టుందన్నాడు. తర్వాత అక్షరాలు లెక్కపెడుతున్నట్టుందన్నాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇదే తంతు. ఒక్క టేకులో ముగించి దండాలు పెట్టించుకున్నవాణ్ణి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాను. తేనెగొంతు మంచినీళ్ళ గ్లాసుతో లోపలికి వచ్చింది.

"అన్నా, ఎవరికి చెబుతున్నావు?"

"ఎవరికేమిటి? మైకుకి."

"నేనెప్పుడూ మా అమ్మమ్మకి చెబుతున్నట్టు చెబుతా. ఆవిడకి కాస్త చెవుడు."

ఫోను చేస్తే పదిహేను నిమిషాల్లో టీచరమ్మ పిన్నిని ఆటోలో తీసుకొచ్చింది. మైకు అవతల స్టూలు వేసి కూర్చోబెట్టాం. నోరు మెదపకూడదని కత్తెర చేతులు జోడించి మరీ చెప్పాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మీకు షుగరు ఉందా?" అన్నాను.

"ఊఁ," అంది పిన్ని. కత్తెర తల పట్టుకున్నాడు, అయినా ఆపమనలేదు.

"పాదాల్లో స్పర్శ తగ్గిందా? అయితే ఈ కాళ్ళ సంచి వాడకండి. అది కాలుస్తున్నా మీకు తెలియదు. షుగరు లేకపోయినా సరే, అందులో కాళ్ళు పెట్టుకుని నిద్రపోకండి. అరగంట కాగానే తీసేయండి. నిద్ర హాయిగా అని ముందు మేమే చెప్పాం. అది తప్పు. మీ ఇంట్లో ఈ సంచి ఉంటే కొన్న చోటే తిరిగి ఇచ్చేయండి, మీ డబ్బు మీకు ఇస్తారు."

మధ్యలో రెండుచోట్ల ఊపిరి తీసుకున్నాను. పిన్ని ప్రతి మాటకీ తల ఊపుతూ విన్నది, కొట్టులో కొలతలు చెప్పేవాళ్ళని విన్నట్టు. నేను ఆపాక కూడా ఇంకా ఏదో వస్తుందేమోనని చూసింది.

"అంతేనా?" అంది.

"అంతే పిన్నీ."

"అప్పుడు చెప్పింది కూడా ఇదేనా?"

"ఇదే."

పిన్ని తన కాలి వంక చూసుకుంది. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది.

"అప్పుడే ఇలా చెబితే నేను కొనేదాన్ని కాదు కదరా?"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. కత్తెర హెడ్‌ఫోన్లలో అడిగాడు, ఆ చివరి మాట కత్తిరించనా అని.

వద్దన్నాను.